రాకుమారికీ ఒక్క రోజే... మాకూ ఒక్క రోజే!

రోమ్ నగరం చూడ్డానికి ఎన్ని రోజులు కావాలి? ‘రోమన్ హాలిడే’ (1953) చూసినవాళ్లని అడగండి, ‘ఒక్క రోజు చాలు’ అనేస్తారు! రాజభోగాలతో విసిగి పారిపోయి వచ్చిన రాకుమారి ఆడ్రీ హెప్‌బర్న్, పత్రికా విలేఖరి గ్రెగరీ పెక్‌తో కలిసి ఒక్క రోజులో ఊరు చుట్టేస్తుంది. దర్శకుడు విలియమ్ వైలర్ ఆ చిత్రాన్ని రోమ్‌లోనే తీశాడు. ఆడ్రీకి ఉత్తమనటిగా ఆస్కార్ తెచ్చిపెట్టింది ఆ పాత్రే.

బాగానే వుంది. రాకుమారికి స్కూటరుంది, హీరో వున్నాడు. మరి మన మధ్యతరగతి కుటుంబానికో? మోకాళ్లనొప్పుల నాన్న, పులిహోర డబ్బా వదలని అమ్మ, ‘ఫోటో తియ్యి అన్నయ్యా’ అని ప్రాణం తీసే చెల్లెలు! ఈ ముగ్గురితో నేను రోమ్‌లో గడిపిన ఒక్క రోజు ముచ్చట ఇది.

ఆపరేటర్ కన్ను

పొద్దున్నే మెట్రో దిగి బయటికి రాగానే ఎదురుగా కొలోసియం! క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించిన కట్టడం. యాభై వేలమంది కూర్చుని చూసేవారట. ప్రతి యూరోనీ రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకునే నాన్న, ఇక్కడ మాత్రం ‘లోపలికి వెళ్దాం’ అన్నారు. కారణం బ్రూస్‌లీ!

నాన్న ఒకప్పుడు మా ఊరి హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. ‘వే ఆఫ్ ది డ్రాగన్’ (1972) ఎన్ని ఆటలు వేశారో లెక్కలేదు. బ్రూస్‌లీ, చక్ నోరిస్ కొలోసియంలో తలపడే క్లైమాక్స్ ఆయనకి కంఠతా వచ్చు. ‘ఆ ఫైటింగు చాలామటుకు హాంకాంగ్‌లో సెట్టు వేసి తీశారు నాన్నా’ అన్నాను. ‘ఆ లైటింగు చూస్తే తెలీదుట్రా? అయినా ఈ గోడలు నిజమేగా!’ అన్నారు. అక్కడే అరగంట నిలబడిపోయారు.

కూర్చుంటే జరిమానా!

మధ్యాహ్నం స్పానిష్ మెట్ల దగ్గరికి చేరాం. ఆడ్రీ ఐస్‌క్రీమ్ తిన్న చోటు. చెల్లెలూ ఒకటి కొనుక్కుంది. కానీ 2019 నుంచి ఈ మెట్లమీద కూర్చోకూడదు, కూర్చుంటే జరిమానా! పాపం నాన్న, ‘నాకేం నొప్పి లేదు’ అంటూనే గోడకి ఆనుకున్నారు. వీధి కుళాయిల్లో మంచినీళ్లు మాత్రం ఉచితం. సీసాలు నింపుకున్నాం.

అక్కణ్ణించి నడిచి ట్రెవీ ఫౌంటెన్‌కి. వీపు తిప్పి భుజం మీదుగా నాణెం వేస్తే మళ్లీ రోమ్‌కి వస్తారని నమ్మకం. రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్తుంటే గోదావరికి పైసలు వేసిన మా అమ్మకి ఇందులో వింతేముంది! ఆ డబ్బు తీసి పేదల సహాయానికి ఇస్తారని చెప్పగానే ఇంకోటి కూడా వేసింది.

సత్యం చెప్పే నోరు

సాయంత్రం ఒక పాత చర్చి వరండాలో ‘సత్యవదనం’ చూశాం. పాలరాతి మీద పెద్ద ముఖం. అబద్ధం చెప్పినవాడు దాని నోట్లో చెయ్యి పెడితే కొరికేస్తుందట! సినిమాలో పెక్ చెయ్యి పెట్టి, కోటు చేతిలోకి దాచేసుకుని ఆడ్రీని హడలగొడతాడు. ఆమెకి ముందుగా చెప్పలేదట. ఆ కెవ్వుమన్న కేక నటన కాదు!

చెల్లెలు గడుసుది. ‘నాన్నా, మోకాళ్లు నొప్పి లేవని ఇప్పుడు చెప్పు’ అంది. నాన్న చెయ్యి పెట్టారు. మా ముగ్గురి వంకా చూశారు. మెల్లిగా ఆ చేతిని చొక్కా చేతిలోకి లాగేసుకున్నారు! అమ్మ పకపకా నవ్వింది, ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది. పొద్దుట్నించీ మా రోజు పాడవుతుందని నొప్పి దాచిపెట్టారాయన.

ఇక సెయింట్ ఏంజెలో కోట మాట ఎవరూ ఎత్తలేదు. టాక్సీ పిలిచాం. మొదటిసారిగా నాన్న దాని ఖరీదు రూపాయల్లో అడగలేదు.

సినిమాలో ఒక చోటుకీ ఇంకో చోటుకీ మధ్య ఒక్క కట్ చాలు. నడిచే మోకాళ్లకి ఆ సదుపాయం లేదు. పెద్దవాళ్లతో వెళ్లే మిత్రులారా, రోజుకి రెండు మూడు చోట్లు చూడండి, చాలు. మిగిలిన రోమ్ సంగతంటారా? అమ్మ రెండు నాణేలు వేసింది కదా!