చేతికి దిగాల్సిన చదువు

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడల వైపు ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడమే. ‘‘నడుం పట్టేసింది, వారం రోజులు కరెంటు పెట్టించుకున్న, జర నయమైంది’’ అంటారు. ఆ పెట్టేవాళ్లు ఏం చదివారని అడిగితే ఆర్నెల్ల ట్రైనింగేదో ఉంటుందిలే అన్నట్టు చూస్తారు.

ఆ చదువు పేరు బీపీటీ, ఫిజియోథెరపీలో డిగ్రీ. నాలుగేళ్ల తరగతులు, మొన్నటిదాకా ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్. దాని మీద ఎంపీటీ అనే పీజీ మరో రెండేళ్లు. తెలంగాణలో ఎక్కువ కాలేజీలకు పరీక్షలు పెట్టేది వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం.

నారాయణఖేడ్ నుంచో జహీరాబాద్ నుంచో ఇంటర్ బైపీసీ చదివి వచ్చిన పిల్లలకు మొదటి దెబ్బ అనాటమీలోనే తగులుతుంది. ఎముక పేరు, ఆ ఎముక మీది గరుకు పేరు, అక్కడ అంటుకున్న కండరం పేరు, దానికి వచ్చే నరం పేరు అన్నీ నోటికి రావాలి. పరీక్షకు రెండు రోజుల ముందు హాస్టల్ గోడల మీద బ్రేకియల్ ప్లెక్సస్ బొమ్మలు వెలుస్తాయి. మెడ దగ్గర ఐదు మూలాలు మూడు ట్రంకులుగా కలిసి, ఆరుగా చీలి, మూడు కార్డులై, చివరికి ఐదు పెద్ద నరాలుగా చేతికి దిగే చిక్కు అది. పదిసార్లు గీస్తే వచ్చేస్తుంది. రావడం వేరు, పనికి రావడం వేరు.

ముంబై హైవే మీద బైకు జారి, భుజం నేలకు కొట్టుకుని, మెడ ఒకవైపు లాగేసిన కుర్రాడు వచ్చాడనుకోండి. చెయ్యి వేలాడుతోంది. మోచేయి వంచమంటే వంగదు, వేళ్లు మాత్రం ముడుస్తున్నాడు. గోడ మీది బొమ్మ నిజంగా వచ్చినవాడికి ఆ ఒక్క తేడాతోనే పై మూలాలు దెబ్బతిన్నాయని, కింది మూలాలు మిగిలాయని తడుతుంది. ఒక్కో కండరాన్నీ సున్నా నుంచి ఐదు దాకా గ్రేడు వేస్తూ పోతాడు. భూమ్యాకర్షణకు ఎదురు లేచిందా, మూడు. వేలి కింద చిన్న కదలిక తగిలిందే తప్ప కీలు కదల్లేదా, ఒకటి. ఆ ఒకటిని పట్టుకోగల వేళ్లు పుస్తకం చదివితే రావు.

ఈ పారిశ్రామిక వాడ ఈ చదువును ఎంత కఠినంగా పరీక్షించగలదో 2025 జూన్ 30 చెప్పింది. పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగి యాభై మందికి పైగా పోయారు. మరణాల లెక్కతో వార్త ఆగిపోతుంది. కాలిన గాయాలతో బతికి బయటపడ్డవాడికి ఆ తర్వాతే అసలు కథ మొదలు. చంక దగ్గర కాలినవాడు నొప్పి ఓర్చుకోలేక చేతిని ఒంటికి ఆనించి పడుకుంటాడు. మోచేతి లోపలివైపు కాలినవాడు చెయ్యి ముడుచుకుంటాడు. హాయిగా ఉన్న ఆ భంగిమలోనే చర్మం బిగుసుకుపోతుంది. అందుకే చంక కాలితే చేతిని పక్కకు తొంభై డిగ్రీల దాకా చాపి ఉంచాలి, మోచేతిని తిన్నగా స్ప్లింటులో పెట్టాలి. చర్మం అతికించిన కొత్తలో ఆ కీలు కదపకూడదు. అతుకు పట్టాక కదపకపోతే ఇంకా తప్పు. ఆ మలుపు ఏ రోజు వస్తుందన్నది సర్జన్‌తో మాట్లాడి, గాయాన్ని కళ్లతో చూసి తేల్చుకోవాలి. గాయం మానే తీరు విద్యార్థి పాథాలజీలో చదివాడు, కోణాలు బయోమెకానిక్స్‌లో, కదిలించే తీరు ఎక్సర్‌సైజ్ థెరపీలో. మూడు సబ్జెక్టులకూ మూడు వేర్వేరు రోజుల్లో పరీక్ష రాసి పాసయ్యాడు. మంచం పక్కన అవి మూడూ ఒకేసారి, అరుస్తున్న మనిషి ముందు గుర్తుకు రావాలి. మచ్చ నెలల తరబడి బిగుస్తూనే ఉంటుంది. దాన్ని అదిమి ఉంచే బిగుతు తొడుగు రోజులో ఇరవై మూడు గంటలు వేసుకోమంటారు. బాయిలర్ పక్కన డ్యూటీ చేసేవాడు ఏప్రిల్‌లో అది వేసుకుని ఎలా నిలబడతాడో ఏ సిలబసూ చెప్పదు.

ఎంపీటీలో బరువు మరో రకం. ఇక్కడ పాఠం చెప్పేవాళ్లు తక్కువ, చెప్పమనేవాళ్లు ఎక్కువ. పొద్దున వార్డు, మధ్యాహ్నం సెమినార్, రాత్రి జర్నల్ క్లబ్బుకు తయారీ. వీటన్నిటి మీద థీసిస్. అంశం ఎంచుకోవాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, రోగులు దొరకాలి, దొరికినవాళ్లు వారానికి మూడుసార్ల చొప్పున ఆరు వారాలు రావాలి. పన్నెండు గంటల షిఫ్టు చేసే కాంట్రాక్టు కార్మికుడు రెండోసారికే మానేస్తాడు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాడైతే పండక్కి ఊరెళ్లి ఫోన్ ఎత్తడు. రోజు కూలి వదులుకుని వ్యాయామానికి రమ్మనడానికి మనకూ నోరు రాదు.

అందుకే చాలామంది తెలివిగా తోటి విద్యార్థులనే శాంపిల్‌గా తీసుకుంటారు. ఇరవై ఏళ్ల పిల్లల తొడ వెనక కండరాలు ఎంత బిగుసుకున్నాయి, ఫోన్ చూసి మెడ ఎంత వంగింది అంటూ లెక్కలు కడతారు. గడువులోపు పూర్తవుతుంది, గైడు సంతకం పెడతాడు. కాలేజీ నుంచి కూతవేటు దూరంలో డ్రమ్ములు దొర్లించి, బస్తాలు మోసి నడుములు వంగిపోయినవాళ్లు వేలల్లో ఉండగా ఇలాంటి పరిశోధన జరగడం నాకైతే సిగ్గుచేటుగానే తోస్తుంది. పిల్లల తప్పు కాదు. రెండేళ్ల గడువు, హాజరు నిబంధన వాళ్లను అటు నెడుతున్నాయి.

నిజానికి మన దేశంలో ఈ చదువు పుట్టిందే జనం అవసరంలోంచి. దానికి పునాది వేసింది పోలియో. 1950ల మొదట్లో బొంబాయిని ఆ జబ్బు కుదిపేశాక, 1953లో కేఈఎం ఆసుపత్రిలో తొలి బడి పెట్టారు. ఇప్పుడు అమెరికాలో ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదివేది డాక్టరేటు, డిగ్రీ మీద మూడేళ్లు. ఇక్కడి నుంచి వెళ్లే తెలుగు పిల్లలు తమ సబ్జెక్టులు అక్కడివాటితో సరితూగుతాయని నిరూపించుకుని, లైసెన్సు పరీక్ష రాయాలి.

ఇక్కడేమో గొడవంతా పేరు ముందు మాట గురించి. 2025 సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం జరిగింది. మర్నాడు కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్, ఫిజియోథెరపిస్టులు ‘డాక్టర్’ అని రాసుకోవద్దని లేఖ ఇచ్చింది. ఆ మర్నాడే వెనక్కి తీసుకుంది. అదే ఏడాది వచ్చిన, అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ కొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్ ఏడాదికి పెరిగిన సంగతి మాత్రం ఎవరికీ అంతగా పట్టలేదు.

పెరిగిన ఆ ఆర్నెల్లు ఎక్కడ గడపాలన్నదే అసలు ప్రశ్న. పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం నాలుగుకు మూసే ఓపీలోనే అయితే, పని చేస్తూ నొప్పి మోసేవాడు అక్కడ కనబడడు. ఇస్నాపూర్ చౌరస్తాలో షిఫ్టు బస్సులు ఆగే చోట సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక ఓపీ నడిపి చూడండి. శాంపిల్ దొరకలేదని ఆ తర్వాత ఏ గైడూ అనలేడు.