మందు ఫెడరల్‌ది, మందిచ్చే చెయ్యి రాష్ట్రానిది

అమెరికాలో డాక్టరు చీటీ మీద ఇచ్చే ప్రతి మందు వెనకా రెండు ప్రభుత్వాల చట్టాలు ఉంటాయి. ఏ మందు బజారులోకి రావచ్చు, లేబుల్ మీద ఏం రాయాలి, చీటీ లేకుండా అమ్మవచ్చా లేదా అన్నవి ఫెడరల్ ప్రభుత్వం తన ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ద్వారా తేలుస్తుంది. ఆ మందును చేతికిచ్చే ఫార్మసిస్టుకు లైసెన్సు ఇవ్వడం, అతని పనికి హద్దులు గీయడం రాష్ట్రాల వంతు. అందుకోసం ప్రతి రాష్ట్రానికీ సొంత ఫార్మసీ బోర్డు ఉంది. ఒకే విషయం మీద రెండు చట్టాలూ ఉంటే ఫార్మసిస్టు కఠినంగా ఉన్నదాన్నే పాటించాలి. నరాల నొప్పికి విరివిగా రాసే గాబాపెంటిన్ ఫెడరల్ లెక్కలో మామూలు ప్రిస్క్రిప్షన్ మందే. కెంటకీ రాష్ట్రం మాత్రం 2017లో దాన్ని నియంత్రిత మందుల్లో చేర్చింది. ఒహాయోలోని సిన్సినాటి నుంచి నది మీది వంతెన దాటి కెంటకీలో అడుగుపెడితే అదే మాత్రకు నియమాలు మారిపోతాయి.

ఫెడరల్ చట్టాల్లో పెద్దవి కొన్ని ఏదో ఒక విషాదం జరిగాకే వచ్చాయి. 1906లో వచ్చిన మొదటి చట్టం లేబుల్ మీద అబద్ధం రాయకూడదని చెప్పి ఊరుకుంది. మందు తాగితే ఏమవుతుందో ముందే చూడాలన్న నియమం అందులో లేదు. 1937లో టెనెసీకి చెందిన మాసెంగిల్ కంపెనీ సల్ఫనిలమైడ్ అనే మందును పిల్లలు తాగడానికి వీలుగా ద్రవరూపంలో తెచ్చింది. అది నీటిలో సరిగా కరగదు కాబట్టి డైఇథిలిన్ గ్లైకాల్‌లో కరిగించి, రాస్‌బెర్రీ రుచి కలిపారు. రంగు, రుచి, వాసన పరీక్షించారు గానీ విషమా కాదా అని చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు ఊరూరా తిరిగి సీసాలు వెనక్కి తెప్పించారు. అయితే కంపెనీ మీద మోపడానికి వారికి దొరికిన నేరం ఒక్కటే: మందుకు ‘ఎలిక్సిర్’ అని పేరు పెట్టాక ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు. అంతమంది ప్రాణాలు పోయిన కేసు పేరు తప్పు అనే సాంకేతిక కారణం మీద నడిచింది. ఇదే రసాయనం దగ్గు మందుల్లో కలిసి పిల్లల ప్రాణాలు తీసిందన్న వార్తలు మన దేశంలో 2025లోనూ వచ్చాయి.

ఆ మరుసటి ఏడాదే, 1938లో, అమ్మకానికి ముందే మందు సురక్షితమని రుజువు చూపాలన్న చట్టం వచ్చింది. ఏ మందుకు చీటీ కావాలి, దేనికి అక్కర్లేదు అన్న గీతను స్పష్టంగా గీసింది 1951 నాటి డర్హమ్–హంఫ్రీ సవరణ. దాన్ని తెచ్చిన కార్ల్ డర్హమ్, తర్వాత ఉపాధ్యక్షుడైన హ్యూబర్ట్ హంఫ్రీ ఇద్దరూ ఫార్మసిస్టులే. థాలిడొమైడ్ అనే మందు వల్ల యూరప్‌లో వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టడంతో 1962లో మరో మెట్టు పెరిగింది. మందు సురక్షితమైతే చాలదు, పనిచేస్తుందని కూడా కంపెనీ నిరూపించాలి. ఎఫ్‌డీఏ అధికారి ఫ్రాన్సెస్ కెల్సీ అనుమతి ఇవ్వకుండా పట్టుబట్టడం వల్లే అమెరికాలో ఆ మందు అప్పట్లో అమ్మకానికి రాలేదు.

అలవాటుగా మారే మందులకు 1970లో వేరే చట్టం చేశారు. వాటిని ఐదు షెడ్యూళ్లుగా విడదీశారు. వైద్యంలో ఉపయోగం లేదని ప్రభుత్వం భావించే హెరాయిన్ వంటివి మొదటిదానిలో ఉంటాయి. మార్ఫిన్, ఆక్సికోడోన్ వంటి రెండో షెడ్యూలు మందులకు రీఫిల్ ఉండదు, ప్రతిసారీ కొత్త చీటీ కావాల్సిందే. మూడు, నాలుగు షెడ్యూళ్ల వాటికి ఆరు నెలల్లోపు ఐదు రీఫిళ్లు మించకూడదు. నొప్పికి ఇచ్చే ట్రమడాల్‌ను 2014లో నాలుగో షెడ్యూల్లో చేర్చారు. ఇలాంటి మందుల డబ్బా మీద, ఎవరి పేరున రాశారో వారికి తప్ప ఇంకెవరికీ దీన్ని ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధమని ఒక వాక్యం ఉంటుంది. నాన్నకు తగ్గిందని అదే మాత్ర అమ్మకూ ఇవ్వడం అక్కడ నేరం కిందికి వస్తుంది.

భారత్ నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు అడ్డుపడేది మరో నియమం. ఇక్కడి డాక్టరు రాసిన చీటీ అక్కడి ఫార్మసీలో చెల్లదు, అమెరికాలో లైసెన్సున్నవారు రాయాలి. ఎఫ్‌డీఏ అనుమతి లేని మందును దేశంలోకి తేవడం కూడా సాధారణంగా చట్టవిరుద్ధమే. అయితే సొంతానికి మూడు నెలలకు మించకుండా తెచ్చుకునేవారిని అధికారులు చూసీచూడనట్టు వదిలే విధానం ఒకటుంది. అది హక్కు కాదు.

తెలుగు నేలకు అన్నిటికన్నా దగ్గరి చట్టం 1984 నాటి హాచ్–వాక్స్‌మన్ చట్టం. అప్పటిదాకా జనరిక్ తయారీదారు కూడా పెద్ద ప్రయోగాల బరువు మోయాల్సి వచ్చేది. ఈ చట్టం వచ్చాక అసలు మందుతో సమానంగా ఒంట్లో పనిచేస్తుందని చూపితే చాలు. పేటెంటును ముందుగా సవాలు చేసిన కంపెనీకి 180 రోజులపాటు ఇతర జనరిక్ కంపెనీల పోటీలేని అమ్మకం బహుమతి. 2001లో డాక్టర్ రెడ్డీస్ 40 మిల్లీగ్రాముల ఫ్లూఆక్సెటీన్‌తో ఈ బహుమతి అందుకుంది. హైదరాబాద్ ఫార్మా ఎగుమతులు పెరగడానికి ఈ దారి ఎంతో తోడ్పడింది. అయినా, ఆ జనరిక్‌ను కౌంటర్లో బ్రాండు బదులు ఇవ్వాలా అన్నది మళ్లీ రాష్ట్రం మాటే. న్యూయార్కులో డాక్టరు వద్దని రాస్తే తప్ప చవకైనదే ఇవ్వాలి. మరికొన్ని రాష్ట్రాలు ఇవ్వవచ్చు అని మాత్రమే అంటాయి.

రాష్ట్రాల అధికారం లైసెన్సు దగ్గరే మొదలవుతుంది. చాలా రాష్ట్రాల్లో ఫార్మసిస్టు కొత్తగా వచ్చి చేరితే అక్కడి చట్టం మీద వేరే పరీక్ష రాయాలి. 2003 తర్వాత విదేశాల్లో పట్టా పొందినవారికి కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలి కాబట్టి మన నాలుగేళ్ల బీఫార్మసీ ఒక్కటే సరిపోదు. మందు వాడే తీరు వివరించమంటారా అని ఫార్మసిస్టు రోగిని అడగాలన్న నియమం 1990 నాటి ఫెడరల్ చట్టంతో వచ్చింది. అది పేదల ఆరోగ్య పథకమైన మెడికెయిడ్ నిధులను ఆసరా చేసుకుని, ఆ పథకం రోగుల కోసం రాష్ట్రాల చేత చేయించిన పని. చాలా రాష్ట్రాలు దాన్ని అందరికీ వర్తింపజేశాయి.

ఫార్మసిస్టు హద్దులను సవరించేదీ రాష్ట్రాలే. చీటీ గడువు తీరిన ఒక మధుమేహ రోగి ఇన్సులిన్ దొరక్క చనిపోయాక, ఒహాయో 2015లో అత్యవసర రీఫిల్‌కు దారి తెరిచింది. అంతకుముందు మూడు రోజుల మోతాదు మించి ఇచ్చే వీలు లేదు. ఇన్సులిన్ మూడు రోజులకు సరిపడా విడగొట్టి ఇచ్చే సరుకు కాదని చట్టం రాసినవారికి తట్టలేదు.

రెండు అధికారాల మధ్య ఖాళీ ఎంత ప్రమాదమో 2012లో బయటపడింది. మసాచుసెట్స్‌లో ఒక కాంపౌండింగ్ ఫార్మసీ, అంటే ఒక్కో రోగి చీటీని బట్టి మందు కలిపిచ్చే షాపు, ఫ్యాక్టరీలా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తయారుచేసి ఇతర రాష్ట్రాలకు పంపింది. వాటిలో బూజు చేరింది. 20 రాష్ట్రాల్లో సుమారు 750 మంది జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. కాగితం మీద అది ఫార్మసీ కాబట్టి రాష్ట్ర బోర్డు పరిధి. చేసింది తయారీ కాబట్టి ఎఫ్‌డీఏ పరిధి. గట్టిగా పట్టుకున్నవారు లేరు. 2013 చట్టం చీటీ లేకుండా పెద్ద ఎత్తున కలిపే కేంద్రాలకు ఎఫ్‌డీఏ తనిఖీ కింద వేరే కోవ ఏర్పాటుచేసింది.

ఇప్పుడు పోరు ధరల చుట్టూ నడుస్తోంది. 2003లో ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ఫెడరల్ ఆరోగ్య బీమా మెడికేర్‌కు మందుల బీమా చేర్చినప్పుడు ధర బేరమాడకూడదని చట్టంలోనే రాశారు. 2022 చట్టం ఆ తలుపు కొంత తెరిచి, మెడికేర్‌లో ఉన్నవారికి ఇన్సులిన్ ఖర్చును నెలకు 35 డాలర్లకు పరిమితం చేసింది. బేరంతో తగ్గిన మొదటి 10 మందుల ధరలు 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. బీమా కంపెనీకీ ఫార్మసీకీ మధ్య నిలబడి ధర తేల్చే పీబీఎంలను కట్టడి చేయడానికి రాష్ట్రాలు ముందుకొచ్చాయి. ఆర్కాన్సా చట్టాన్ని సుప్రీంకోర్టు 2020లో ఏకగ్రీవంగా సమర్థించింది. అదే రాష్ట్రం 2025లో ఇంకో అడుగు వేసి, పీబీఎంలు సొంత ఫార్మసీలు నడపకూడదంది. రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద అధికారం ఫెడరల్ చట్టసభ అయిన కాంగ్రెస్‌దన్న అభ్యంతరంతో ఫెడరల్ జడ్జి ఆ చట్టాన్ని అమలుకు ముందే నిలిపివేశారు.