తన మేటను తానే కోసికొను నది

రుద్రారమునుండి, గణేశగడ్డ సమీపమున నివసించు ఒక పాఠకుడు వ్రాసిన ప్రశ్న పదిదినములుగా నన్ను విడువకున్నది. 2016 వేసవిలో సింగూరు జలాశయము అడుగంటి, హైదరాబాదునకు మంజీర నీరు అందని దినములు గడచిన పిదప, తొలకరి వానలకు నెఱ్ఱెలువాఱిన ఒండ్రునడుమ సన్నని పాయ యొకటి పారుచుండుట వారు చూచిరట. అది పాత మంజీరయేనా, క్రొత్తగా పుట్టిన వాగా యని అడిగియున్నారు.

బాలాఘాట్ కొండలలో పుట్టి, 724 కిలోమీటర్లు ప్రవహించి, కందకుర్తివద్ద గోదావరిని చేరు మంజీర, సింగూరువద్ద సుమారు 30 టి.ఎం.సీ.ల జలాశయమై నిలిచినది. పరుగు తగ్గిన నీరు బరువు మోయజాలదు గనుక ముందు ఇసుకయు, పిదప మట్టియు దిగి, జలాశయపు తలాపున మేట పెరుగును. ఇంతవఱకు బడిపిల్లలకును తెలిసినదే.

నీరు తగ్గిననాడు జరుగునదియే నన్ను ముగ్ధుని చేయును. నది పైనుండి క్రిందికి పనిచేయునని మనము తలంతుము. ఇచ్చట కోత క్రిందినుండి పైకి సాగును. నీటియంచు వెనుకకు జరిగినంతనే, అంతవఱకు నీటిలో దాగియుండిన మేటచివరి నిట్రవాలు బయల్పడగా, చదునుపై మెల్లగా వచ్చుచున్న నది ఆ యంచున జారి, వేగము పొంది, ఒండ్రును కొఱుకును. కొఱికినకొలది ఆ దూకుచోటు ఎగువకు జరుగును. జరిగినకొలది వెనుక లోతైన కాలువ యేర్పడును. వానకాలమున చేనిగట్టున పడిన గండి దినదినము చేనిలోనికి ప్రాకుట చూచిన రైతునకు దీనిని విప్పిచెప్ప నక్కఱలేదు.

ఈ కోతకు హద్దేది? జాన్ వెస్లీ పౌవెల్ 1875లో ప్రకటించిన గ్రంథమున దీనికి సమాధానము కలదు: నది తాను చేరు నీటిమట్టమునకు దిగువగా తన పడకను కోయజాలదు. ఆ హద్దును మనము ఆధారమట్టమందము. యుద్ధమున కుడిచేయి కోల్పోయియు, 1869లో కొలరాడో నదీలోయలను పడవలపై దాటిన ఈ మహనీయుని పేరే, అదే నదిపై 1963లో గ్లెన్ కెనియన్ ఆనకట్ట తలుపులు మూసిన పిదప అమెరికా యెడారిలో నిలిచిన సరస్సునకు పెట్టిరి. 1980లో తొలిసారి నిండిన ఆ సరస్సు 2023 తొలినాళ్లకు నిండుమట్టముకంటె సుమారు 180 అడుగులు దిగిపోగా, ఆధారమట్టముతోపాటు నదియు దిగి, తన మేటను తానే కోసికొనసాగినది. కెటరాక్ట్ కెనియన్‌లో పూడిపోయిన రాతి పరవళ్లు ఒక్కొక్కటిగా తలయెత్తినవి; ప్రక్కలోయలలో విల్లో, కాటన్‌వుడ్ చెట్లు మరల మొలచినవి. గ్లెన్ కెనియన్ లోయ శాశ్వతముగా పోయెనని దుఃఖించిన ప్రకృతిప్రేమికులును, ఆ సరస్సు శాశ్వతముగా నిలుచునని నమ్మిన ఇంజనీర్లును సమానముగా పొరబడిరి. ఆధారమట్టము కదలునన్న సంగతి ఇరుపక్షములవారును మఱచిరి.

అయినను నది పాత దారికే వచ్చి తీరుననుట మఱియొక పొరపాటు. మేట పాత లోయను అంచులదాక పూడ్చివేసిన పిదప, దానిపై తిరుగాడు నదికి పాతపల్లము అడుగున నెచ్చటనున్నదో తెలియు నుపాయము లేదు. నీరు దిగిననాడు తానున్నచోటనే కోయనారంభించును. కొలరాడో ఉపనదియైన శాన్ హ్వాన్ ఇట్లే దిగి దిగి, పాత కాలువకు ప్రక్కనున్న రాతిగట్టుపై చిక్కుకొనెను. మట్టిని కోసినంత సులువుగా రాతిని కోయలేక, అచ్చట సుమారు 20 అడుగుల జలపాతమైనది. మునుపెన్నడును లేని ఆ జలపాతము, ఎగువకు ఈదిపోవలసిన స్థానిక మత్స్యములకు గోడయై నిలిచినది.

మన మంజీరకు ఇంత వ్యవధి చిక్కలేదు. అదే 2016 సెప్టెంబరులో వరద వచ్చి సింగూరు నిండెను; తొలకరినాటి పాయ మునిగెను; కోసినచోటనే మరల ఒండ్రు దిగసాగెను. ఆ యొండ్రును తక్కువగా అంచనా వేయుట మనవారికిని తప్పలేదు. 1923లో మొదలిడి 1931లో ముగించిన, సింగూరునకు దిగువనున్న నిజాంసాగరము మొదట దాదాపు 30 టి.ఎం.సీ.లు పట్టెడిది; 1970ల నాటికి అది 12 టి.ఎం.సీ.ల లోపునకు పడిపోగా, ఎత్తు పెంచవలసివచ్చినది. అప్పటికైనను, నది యెంత మట్టి తెచ్చునో ఏటేట కొలువవలెనన్న పట్టుదల మనకు కలిగియుండవలసినది.

ఇది తెలిసికొనుటవలన ప్రయోజనమేమని యడుగువారితో నాకు పేచీ కలదు. పటాన్‌చెరు పరిశ్రమల మలినము మోసిన నక్కవాగు సింగూరునకు దిగువన మంజీరలోనే కలియును; ఆ మలినము దిగువ మేటలో దాగినచో, మేట కోసికొనిపోయిననాడు నీటితో కదలును. పూడికతీతను గూర్చి మాటలాడునప్పుడు ఘనపుటడుగులే లెక్కించి, ఆ మట్టిలో నేమున్నదో అడుగకుండుట నాకు మింగుడుపడదు.

ఇక రుద్రారము మిత్రునకు: మరల సింగూరు అడుగంటిననాడు పాయగట్టున దిగి చూడుడు. కోసిన గోడలో మెత్తని నల్లమట్టియు సన్నని యిసుకయు పొరలుపొరలుగా నుండి, నీటి యడుగునను ఆ మట్టియే తగిలినచో, మీరు చూచుచున్నది మేటపై పుట్టిన క్రొత్తపాయ. అడుగున కాలికి నున్నని గులకఱాళ్లు తగిలినచో, అచ్చట పాత మంజీర పడక బయటపడియుండవచ్చును.