మీకు తెలుసా? చుట్టాలొచ్చిన శని, ఆదివారాలు

ఢిల్లీ ఆర్.కె. పురంలో కాపురముండే తెలుగింటికి ఏడాదిలో నాలుగైదు సార్లైనా ఊరి నుంచి ఫోను వస్తుంది. "శుక్రవారం రాత్రికి దిగుతున్నాం, ఢిల్లీ చూపించాలి మరి!" అని. ఎర్రకోట, కుతుబ్ మినార్, సరోజినీ నగర్ బజారు అంటూ పాత చిట్టా ఎలాగూ ఉంటుంది. ఆ చిట్టాలోని చోట్లలోనే మన నేల నుంచి వచ్చినవాళ్ల పేర్లు, పనులు చాలా దాగి ఉన్నాయి. వాటిని దారిలో చెప్పుకుంటూ తిరిగితే రెండు రోజులూ ఇట్టే గడిచిపోతాయి.

డ్రైవర్ లేని రైలు మన గుమ్మం ముందే

విమానం టెర్మినల్ 1లో దిగితే టాక్సీ కోసం వెతుక్కోనక్కర్లేదు. మెజెంటా లైన్ మెట్రో ఎక్కితే శంకర్ విహార్, వసంత్ విహార్, మునిర్కా దాటి నాలుగో స్టేషనే ఆర్.కె. పురం. ఈ స్టేషన్ 2018 మేలో తెరుచుకుంది. దేశంలో డ్రైవర్ లేకుండా నడిచే మెట్రో రైలు మొట్టమొదట పరుగు తీసింది కూడా ఈ లైన్లోనే, 2020 డిసెంబర్ 28న. ఆర్.కె. పురం నుంచి ఇటు రెండో స్టేషన్ హౌజ్ ఖాస్. అక్కడ ఎల్లో లైన్‌కు మారితే ఒకవైపు కుతుబ్ మినార్, ఇంకోవైపు సెంట్రల్ సెక్రటేరియట్, పాత ఢిల్లీ. హౌజ్ ఖాస్‌లో మెజెంటా లైన్ ప్లాట్‌ఫాం నేలకు దాదాపు 29 మీటర్ల లోతున ఉంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలను మెట్లవైపు కాకుండా లిఫ్టువైపు నడిపించండి.

మెట్రో మనిషి చదివింది కాకినాడలో

ఢిల్లీ మెట్రోను కట్టించిన ఇ. శ్రీధరన్ కేరళవారని అందరికీ తెలుసు. ఆయన సివిల్ ఇంజనీరింగ్ చదివింది మాత్రం కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో, అంటే ఇప్పటి జేఎన్‌టీయూ కాకినాడలో. 2002 డిసెంబర్‌లో ఢిల్లీలో తొలి మెట్రో రైలు కదిలినప్పుడు ఆ సంస్థ పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. తూర్పుగోదావరి చుట్టాలు వచ్చినప్పుడు ఈ మాట చెప్పి చూడండి, టికెట్ డబ్బులు వాళ్లే ఇస్తారు!

నెహ్రూను ఆపిన అమ్మాయి పేరుతో స్టేషన్

పింక్ లైన్లో ధౌలా కువాఁ దగ్గర స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. 2018 మార్చిలో ప్రారంభమైంది. దుర్గాబాయి పుట్టింది 1909లో రాజమహేంద్రవరంలో. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబడి, టికెట్ లేకుండా వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూను లోపలికి వెళ్లనివ్వలేదు. టికెట్ కొన్నాకే దారి వదిలింది. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది. 1948లో ఢిల్లీ తెలుగు పిల్లల కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టింది. ఆ స్టేషన్‌కు దగ్గర్లోనే ఉన్న శ్రీ వేంకటేశ్వర కళాశాలను తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పింది. దాని వెనకా ఆమె పట్టుదల ఉంది. మెట్రో గేటు దగ్గర టికెట్ చూపించకుండా ఎవరినీ పోనివ్వరు కదా, ఆమె పేరుకు ఇంతకన్నా తగిన చోటు దొరకదు.

గుట్ట మీద స్వామినాథుడు

ఆర్.కె. పురం సెక్టార్ 7లోని చిన్న గుట్ట మీద ఉన్న గుడిని ఢిల్లీ అంతా మలై మందిర్ అంటుంది. అసలు పేరు ఉత్తర స్వామిమలై. కుంభకోణం దగ్గరి స్వామిమలైలో సుబ్రహ్మణ్యస్వామి తండ్రికే ప్రణవం బోధించాడని పురాణం. ఉత్తరాదిన ఆ స్వామికి చోళుల పద్ధతిలో కట్టిన ఈ రాతిగుడికి 1973 జూన్ 7న కుంభాభిషేకం జరిగింది. తరువాత మీనాక్షి, సుందరేశ్వరుల గుళ్లు చేరాయి. శనివారం పొద్దున్నే బయలుదేరే కుటుంబాలకు తొలి మజిలీ ఇదే. మెట్లెక్కి పైనుంచి చూస్తే క్వార్టర్లన్నీ వేపచెట్ల మధ్య కనిపిస్తాయి. నెమళ్లు కూతవేస్తే పిల్లలు ఫోన్లు బయటికి తీస్తారు.

క్వార్టర్ల మధ్య లోదీ గుమ్మటాలు

చరిత్ర చూడాలంటే దూరం పోవాలని లేదు. ఆర్.కె. పురం ప్రభుత్వోద్యోగుల కాలనీగా వెలవడానికి నాలుగైదు వందల ఏళ్ల ముందే ఇక్కడ కట్టడాలున్నాయి. సెక్టార్ 5లో వజీర్‌పూర్ గుమ్మటాలు, వాటి పక్కన మెట్ల బావి, సెక్టార్ 3 వైపు బిజ్రీ ఖాన్ గుమ్మటం, ఇవన్నీ లోదీల కాలపువి. జనం పెద్దగా ఉండరు. సాయంత్రం టీ తాగి పది నిమిషాలు నడిచి వెళ్లి చూసి రావచ్చు.

రైలు మ్యూజియానికి గిరి గారి పునాదిరాయి

పిల్లలున్న చుట్టాలైతే శాంతిపథ్ పక్కనున్న జాతీయ రైలు మ్యూజియానికి తీసుకెళ్లి తీరాలి. దీనికి 1971 అక్టోబర్ 7న శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి. 1977 ఫిబ్రవరి 1న తలుపులు తెరుచుకున్నాయి. గిరి బరంపురంలో తెలుగింట పుట్టారు. 1928లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెను నడిపిన నాయకుల్లో ఆయనొకరు. రైలు కార్మికుల పక్షాన నిలిచిన మనిషే రాష్ట్రపతిగా రైళ్ల మ్యూజియానికి రాయి వేశారన్నమాట. లోపల పాటియాలా సంస్థానపు మోనోరైలును తప్పక చూపించండి. 1907 నాటి ఈ బండికి ఒకవైపు చక్రాలు పట్టా మీద, ఇంకోవైపు పెద్ద చక్రం మామూలు రోడ్డు మీద నడిచేవి.

సరోజినీ నగర్, వీరేశలింగం పెళ్లి మంత్రాలు

వదినలు, మరదళ్లు వచ్చారంటే సరోజినీ నగర్ బజారు తప్పదు. ఆర్.కె. పురం నుంచి ఆటోకు దగ్గర. ఆ పేరు సరోజినీ నాయుడిది. 1879లో హైదరాబాద్‌లో బెంగాలీ కుటుంబంలో పుట్టిన సరోజినీ చట్టోపాధ్యాయ, డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడిని 1898లో మద్రాసులో పెళ్లాడింది. కులం వేరు, భాష వేరు. ఆ రోజుల్లో అలాంటి పెళ్లికి పెద్దగా నిలబడి జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులు. బజారులో దుకాణదారు చెప్పిన ధరకు సగం అడగడం ఇక్కడి ఆచారం. రేటు బోర్డు పెట్టిన దుకాణాల్లో మాత్రం ఆ పప్పులు ఉడకవు.

ఢిల్లీ సుల్తానుకు ఓరుగల్లు వజీరు

ఈ సంగతికి కాస్త ఎక్కువ చోటివ్వాలి. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకుని ప్రతాపరుద్రుణ్ణి బందీగా తీసుకెళ్లాయి. ఆయనతో పాటు పట్టుబడిన ఒక సేనాని మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడు. కాకతీయ సేనాని గన్నమ నాయకుడు ఇతడేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఎదిగి, ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో ఖాన్ ఇ జహాన్ బిరుదుతో ఏకంగా వజీరు పీఠమెక్కాడు. సుల్తాను నెలల తరబడి దండయాత్రలకు వెళ్తే ఢిల్లీని నడిపింది ఈ తెలంగాణవాడే. అందుకే చరిత్రలో ఆయన పేరు ఖాన్ ఇ జహాన్ మక్బూల్ తిలంగానీ.

1360ల చివర్లో ఆయన కన్నుమూశాక కొడుకు జునాన్ షా నిజాముద్దీన్‌లో సమాధి కట్టించాడు. అంతవరకూ ఢిల్లీలో సమాధులు నలుచదరంగా ఉండేవి. ఎనిమిది పలకలుగా కట్టిన మొదటి సమాధి ఇదే. తర్వాత రాజులు ఆ నమూనానే పట్టుకున్నారు. లోదీ గార్డెన్‌లో 1444 నాటి మహమ్మద్ షా సయ్యద్ సమాధి, హుమాయూన్ సమాధి ఆవరణలో 1547 నాటి ఈసా ఖాన్ సమాధి, రెండూ ఎనిమిది పలకలవే. తిలంగానీ సమాధి ఇప్పుడు బస్తీ ఇళ్ల మధ్య ఇరుక్కుపోయింది, చుట్టాలతో వెళ్లి చూడటం కష్టం. లోదీ గార్డెన్‌కు టికెట్ లేదు. అక్కడ మహమ్మద్ షా సమాధి ముందు నిలబడి ఈ కథ చెబితే చాలు. ఇంకాస్త ఓపికుంటే సాకేత్ మాల్‌కు ఎదురుగా ఉన్న ఖిర్కీ మసీదు చూడండి. అది జునాన్ షా కట్టించినదే. మన ఇంటి దగ్గరి హౌజ్ ఖాస్ చెరువు గట్టున ఫిరోజ్ షా 1352లో మదరసా కట్టించాడు. అప్పటి కొలువులోనూ ఈ ఓరుగల్లు మనిషి ఉన్నాడు.

ఆదివారం బిర్యానీ, పక్కనే నిజాం మేడ

అశోకా రోడ్డు ఒకటో నంబరు ఆంధ్రా భవన్ క్యాంటీన్ గురించి కొత్తగా చెప్పేదేముంది! కూపన్ కొనుక్కుని, పిలుపు కోసం నిలబడి, పళ్లెం ముందు కూర్చుంటే పప్పు, కూర, సాంబారు, పచ్చడి వడ్డిస్తూనే ఉంటారు. పొడి, నెయ్యి సరేసరి. ఆదివారం బిర్యానీ కోసం తెలుగువాళ్లకన్నా పంజాబీలు, బెంగాలీలే ముందు వరసలో ఉంటారు. కాబట్టి పన్నెండున్నరకల్లా అక్కడుండటం మంచిది. పక్కనే ఉన్న హైదరాబాద్ హౌస్‌ను నిజాం కోసం 1920ల్లో ఎడ్విన్ లట్యెన్స్ గీసిచ్చాడు. ఎదురుగా కనిపించే ఇండియా గేటూ ఆయన గీతే. హైదరాబాద్ హౌస్‌లో ఇప్పుడు విదేశీ ప్రధానులకు విందులు చేస్తారు. మనకు లోపలికి ప్రవేశం లేదు, గోడ పక్క నుంచి నడుస్తూ చూడటమే.

నాగార్జునకొండ శిల్పాలు జనపథ్‌లో

నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిన లోయను అంతకుముందు 1950ల్లో తవ్వి శిల్పాలను బయటికి తీశారు. కొన్ని కొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని జనపథ్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. ఇక్ష్వాకుల కాలపు సున్నపురాతి బుద్ధకథల్ని చూడటానికి మాచర్ల నుంచి వచ్చినవాళ్లు ఢిల్లీలో టికెట్ కొంటున్నారన్నమాట.

త్యాగయ్య పేరున స్టేడియం

దిల్లీ హాట్ ఐఎన్‌ఏ 1994లో మొదలైంది. చేతిపని వాళ్లకు ఇక్కడి కొట్లు వంతులవారీగా పదిహేను రోజులకే ఇస్తారు. పోయిన నెల చూసిన కలంకారీ ఈ నెల ఉండకపోవచ్చు. ఆ దగ్గర్లోనే త్యాగరాజ్ స్టేడియం ఉంది. 2010 కామన్‌వెల్త్ క్రీడల్లో నెట్‌బాల్ పోటీలు అక్కడే జరిగాయి. తెలుగు కీర్తనలు రాసిన వాగ్గేయకారుడి పేరు ఢిల్లీలో ఆటస్థలానికి పెట్టారని చెబితే సంగీతం నేర్చుకునే పిల్లలు సరదాపడతారు.

తాతయ్య కుతుబ్ ఎక్కాడంటే నమ్మండి

కుతుబ్ మినార్ ఎత్తు 72.5 మీటర్లు, మెట్లు 379. ఒకప్పుడు జనాన్ని లోపలికి ఎక్కనిచ్చేవారు. 1981 డిసెంబర్‌లో మెట్ల మీద తొక్కిసలాటలో 45 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది బడిపిల్లలు. అప్పటి నుంచి మెట్లు మూసేశారు. పదిహేనేళ్లలోపు పిల్లలకు పురావస్తు శాఖ కట్టడాల్లో టికెట్ అక్కర్లేదు, వయసు రుజువు మాత్రం దగ్గర పెట్టుకోండి.

ఆగ్రాకు శుక్రవారం వద్దు

"ఎలాగూ వచ్చాం, తాజ్ కూడా..." అని బావగారు మొదలుపెడతారు. తాజ్ మహల్‌కు శుక్రవారం సెలవు. హజ్రత్ నిజాముద్దీన్ నుంచి గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా శుక్రవారం నడవదు. 2016లో మొదలైన ఈ రైలుకు ఆగ్రా చూసే జనమే పెద్ద ఆధారం. శనివారం పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొస్తే ఆదివారం ఆంధ్రా భవన్‌కు మిగులుతుంది.

సోమవారం తిరుగు రైలు

సెలవు కలిసొచ్చిందని చుట్టాలు సోమవారం కూడా ఉండిపోతామంటే ముందే చెప్పండి. ఎర్రకోట, జాతీయ మ్యూజియం, రైలు మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్, సరోజినీ నగర్ బజారు, అన్నిటికీ సోమవారమే సెలవు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి తెరిచే ఉంటాయి. అందుకని శని, ఆదివారాల్లో సోమవారం మూసేవాటిని ముగించి, ఈ రెండింటినీ చివరికి అట్టిపెట్టుకోండి. పొద్దున్నే చూసుకుని వచ్చి, పులిహోర కట్టించుకుని స్టేషన్‌కు బయలుదేరవచ్చు.