మోకాళ్ళ నొప్పి – వ్యాయామము

చింతలపూడి మామిడితోటలలో తిరిగిన నా మోకాళ్ళు అరువదవ యేట బిగిసి నొవ్వసాగెను. కదలినచో కీళ్ళు మఱింత అరుగునని భయపడి మంచము విడువనైతిని. తొడలు సన్నగిల్లెను, నొప్పి హెచ్చెను.

నా భయము తప్పు. కీలులోని మృదులాస్థికి రక్తనాళములు లేవు. కాలు కదలునప్పుడే కీలునందలి ద్రవము దానిని పోషించును. తొడకండరము బలపడినకొలది మోకాలికి ఊతము కలుగును. డెన్మార్కున 2013లో మొదలైన పద్ధతిలో రోగులు వారమునకు రెండుమార్లు, ఆరు వారములు వ్యాయామము చేయుదురు.

కుర్చీపై కూర్చుండి కాలు చాచి, ఐదు లెక్కించి దింపుడు. పిదప చేతి ఊతలేక మెల్లగా లేచి కూర్చుండుడు. ఒక్కొక్కటి పదిమార్లు. స్వల్పమైన నొప్పికి వెఱవకుడు. మఱునాటికిని తగ్గనిచో కొంత తగ్గించి చేయుడు. కీలు ఎఱ్ఱబడి వాచి, జ్వరము వచ్చినచో వెంటనే వైద్యునికి చూపుడు.

ఈ యేటి చిన్నరసాల కోతకు నేను తోటకు నడచియే పోయితిని.