నల్ల సిరా ఎంపిక

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒకసారి వానకు మెజర్‌మెంటు బుక్కు తడిసి, నేను ఫౌంటెన్ పెన్నుతో వేసిన అంకెలన్నీ అలుక్కుపోయాయి. చేసిన కొలతలే మళ్ళీ చేయవలసి వచ్చింది. సిరాకు నలుపొక్కటే చాలదని ఆనాడు గ్రహించాను.

సాధారణ నల్ల సిరాలో ఉండేది నీటిలో కరిగే రంగు. అది పెన్నుకు క్షేమమే గాని తడికి నిలువదు. డ్రాయింగుకు వాడే ఇండియన్ ఇంకు తడికి నిలుస్తుంది. కాని అందులోని లక్క ఎండి పాళీకి సిరా అందే దారిని మూసివేస్తుంది. ఈ రెండింటికీ నడుమ నాకు నచ్చినది జపాను దేశపు ప్లాటినం వారి కార్బన్ బ్లాక్. ఫౌంటెన్ పెన్నుల కోసమే తయారైన ఈ సిరాలోని అతిసూక్ష్మమైన కార్బన్ రేణువులు కాగితపు పోగులను అంటిపెట్టుకొని ఉంటాయి. అయితే పెన్నును ఎండనీయక, తరచుగా నీటితో కడుగుతుండాలి.

ఏ సిరా అయినా సరే, ఒక గీత గీసి, ఆరిన పిమ్మట దానిపై నీటిచుక్క వేసి చూడండి. ముఖ్యమైన పత్రాలపై సంతకం ఆ తరువాతే చేయండి.