స్టార్టర్ డబ్బా

ఉమ్మడి అనంతపురం జిల్లా కనగానపల్లి చుట్టుపక్కల ఏ చీనీ తోటలోకి వెళ్లినా, ఏ మల్బరీ మడి గట్టు మీద నిలబడినా, రాతికూసానికి తగిలించిన ఇనుప డబ్బా ఒకటి కనబడుతుంది. మూత తుప్పు పట్టి ఉంటుంది. వాన పడకుండా పైన ఒక రేకు ముక్క, అదీ లేకపోతే పాత ఎరువుల సంచి. మూత తీస్తే రెండు బటన్లు: ఒకటి ఆకుపచ్చది, ఒకటి ఎర్రది. పక్కన ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో మూడు చిన్న లైట్లు. ఇదే స్టార్టరు.

బోర్ల గురించి, ఉచిత కరెంటు గురించి మన పత్రికల్లో ఎంతో రాశారు. ఈ డబ్బాను పట్టించుకున్నవాళ్లు తక్కువ. నాకు మాత్రం మన సీమ సేద్యంలో కరెంటు తెచ్చిన మార్పంతా ఇందులోనే కనిపిస్తుంది. కరెంటు ఒక్కటే రైతుకు ఏనాడూ చాలలేదు. అది వచ్చిందన్న కబురు కూడా చేరాలి. ఆ రెండూ కలుసుకునే చోటు ఈ డబ్బాయే.

ముందు నీళ్ల సంగతి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. కింద గట్టి రాయి. నీళ్లు ఉంటే ఆ రాతి పగుళ్లలోనే ఉండాలి. ఒకప్పుడు ఎద్దులు ముందుకూ వెనక్కూ నడుస్తుంటే తోలుబొక్కెనతో నీళ్లు తోడే కపిల బావులుండేవి. తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, ఆ తర్వాత బావి గట్టు మీద కూర్చునే కరెంటు మోటార్లు. బావులు ఎండి బోర్ల కాలం మొదలయ్యేసరికి చిక్కొచ్చింది. నేల మీద పెట్టిన పంపు నీటిని పైకి లాగదు. పైపులో గాలి తీసేస్తుంది, బయటి గాలి బరువు నీటిని పైకి నెడుతుంది. పంపుకు ఎంత శక్తి ఉన్నా ఆ బరువు నీటిని 33 అడుగులు దాటి నెట్టలేదు. నీళ్లు 300 అడుగుల లోతున ఉంటే పంపూ మోటారూ రెండూ నీళ్లలోకే దిగాలి.

అలా దిగిన మోటారు పుట్టింది నీళ్ల కోసం కాదు, చమురు కోసం. అర్మెనియా మూలాలున్న ఆర్మైస్ అరుతునోవ్ అనే రష్యా ఇంజనీరు 1920లలో అమెరికా చేరి, సన్నగా పొడుగ్గా ఉండి బావిలో మునిగి పనిచేసే మోటారు పంపును 1928లో కాన్సాస్‌లోని ఒక చమురు బావిలో దించి నడిపించాడు. మన ఆరున్నర అంగుళాల బోరులో పైపుల చివరన వేలాడే సబ్‌మెర్సిబుల్ మోటారు దాని వంశంలోదే. దాని వైండింగు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, లోపలంతా నీళ్లే నిండి ఉంటాయి, ఆ నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి.

మోటారు తిరిగే కిటుకు ఇంకా పాతది. ఇటలీలో గలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా 1880లలో ఎవరికి వారే కనిపెట్టిన తిరిగే అయస్కాంత క్షేత్రం అది. 1889లో జర్మనీలో డోలివో-డోబ్రోవోల్స్కీ దాన్ని త్రీఫేజ్ మోటారుగా మలిచాడు. మూడు తీగల్లో కరెంటు ఒకేసారి ఎగసిపడదు. ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఎగసిపడుతుంది. దాంతో లోపలి అయస్కాంత బలం గుండ్రంగా తిరుగుతుంది, మధ్యనున్న ఇరుసు దాని వెంట పరుగెడుతుంది. సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తిచేసే మన కరెంటుతో అది నిమిషానికి 3000 చుట్ల లోపు తిరుగుతుంది. రాపిడికి అరిగే బ్రష్షులు ఇందులో ఉండవు. అందుకే వందల అడుగుల కింద, ఎవరి చెయ్యీ తగలని చోట ఏళ్ల తరబడి పనిచేయగలుగుతోంది.

ఈ యంత్రం మన దేశపు చేతికి రావడంలో తెలుగువాళ్ల పాత్ర ఉంది. కోయంబత్తూరు దగ్గరి తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో దేశంలోనే తొలి మోటారు తయారుచేశారు. అప్పటికి అయిదేళ్ల ముందే పైకారా జలవిద్యుత్తు మొదలై ఆ ప్రాంతానికి కరెంటు అందింది. తర్వాత కోయంబత్తూరు మోటార్లకూ పంపులకూ పెట్టింది పేరయింది.

ఇంకో విశేషం చెప్పకుండా ఉండలేను. కనగానపల్లికి దగ్గర్లోనే రామగిరి కొండల మీద గాలిమరలున్నాయి. 1990లలో మన దేశంలో నిలబెట్టిన గాలిమరల్లో చాలావాటి లోపల ఉన్నదీ ఈ ఇండక్షన్ యంత్రమే. కరెంటిస్తే తిరుగుతుంది, గాలి దాన్ని మరింత వేగంగా తిప్పితే తిరిగి కరెంటిస్తుంది. కొండ మీద ఒక పని, బోరు అడుగున మరో పని, యంత్రం మాత్రం ఒకటే.

ఇంత గట్టి యంత్రానికి డబ్బా ఎందుకు? ఆగి ఉన్న మోటారును ఒక్కసారిగా కదిలించాలంటే మామూలుగా తీసుకునే కరెంటుకు ఆరేడు రెట్లు కావాలి. అయిదు హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 9 ఆంపియర్లు తీసుకుంటే, మొదలయ్యే క్షణంలో 50 దాటుతుంది. మోటారు ఎక్కడైనా పట్టేసి ఆ కరెంటు అలాగే పారితే నిమిషాల్లో వైండింగు కాలిపోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి లేనప్పుడు బటన్ నొక్కినా అంతే. మోటారు గుయ్యిమని మూలుగుతుంది, తిరగదు, కాలుతుంది. కాలిన మోటారును పైకి లాగడం, రివైండింగు చేయించడం, మళ్లీ దించడం: ఆ ఖర్చు ఎంత బరువో బోరున్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

ఆకుపచ్చ బటన్ నొక్కినప్పుడు లోపల జరిగేది ఇది. ఒక చిన్న కాయిల్‌లోకి కరెంటు పారుతుంది, అది అయస్కాంతమై ఇనుప ముక్కను టక్కున లాక్కుంటుంది. దానితో పాటు మూడు కాంటాక్టులు మూసుకుంటాయి, మోటారుకు కరెంటు వెళుతుంది. వేలు తీసేసినా కాయిల్ తన పట్టు విడవదు. ఈ పనితనం టెలిగ్రాఫ్ నుంచి వచ్చింది. దూరం పోయేకొద్దీ నీరసించే సంకేతాన్ని మళ్లీ బలంగా పంపడానికి, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కదిలించే రిలేను 1830లలో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ రూపొందించాడు. కబురు మోయడానికి పనికొచ్చిన ఉపాయం శక్తిని మోసే పనికీ కుదిరింది.

కాంటాక్టుల కిందుగా ఓవర్‌లోడు రిలే ఉంటుంది. రెండు వేర్వేరు లోహాల పట్టీలను అతికిస్తే, వేడికి ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా సాగి పట్టీ వంగుతుంది. హద్దు మీరిన కరెంటు వేడి పుట్టిస్తే పట్టీ వంగి కాయిల్ దారి తెంపేస్తుంది. ఈ జంట పట్టీని 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ అనే ఇంగ్లండు గడియారాల నిపుణుడు ఓడల మీది గడియారం ఎండకూ చలికీ తప్పు నడవకుండా ఉండడానికి తయారుచేశాడు. ఇప్పుడదే మన మోటారుకు కాపలా కాస్తోంది.

డబ్బాలో ఇంకో గుణం ఉంది, రైతు బతుకును మలుపు తిప్పింది అదే. కరెంటు పోతే కాయిల్ పట్టు వదిలేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా తనంతట తాను పట్టుకోదు. మనిషి వచ్చి మళ్లీ బటన్ నొక్కాల్సిందే. ఫ్యాక్టరీలో ఇది ప్రాణరక్షణ. కరెంటు రాగానే యంత్రం చెప్పాపెట్టకుండా కదిలితే దాని దగ్గర పనిచేసేవాడి చెయ్యి పోతుంది. ఫ్యాక్టరీలో మనిషి యంత్రం పక్కనే ఉంటాడు. పొలంలో మనిషి ఇంట్లో ఉంటాడు, డబ్బా తోటలో ఉంటుంది, మధ్య మైలో రెండు మైళ్లో నడక.

2004 మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీద పెట్టారు. బిల్లు బాధ తీరింది, నడక తీరలేదు. ఫీడర్లను గ్రూపులు చేసి వంతులవారీగా త్రీఫేజ్ ఇచ్చేవాళ్లు. కొన్ని గంటలు పగలు, కొన్ని గంటలు రాత్రి. మధ్యలో ఫ్యూజు పోవచ్చు, లైను తెగవచ్చు. తోటలో ఒక బల్బు వేలాడదీసి, అది వెలిగిందా లేదా అని మిద్దె మీంచి చూసేవాళ్లుండేవాళ్లు. "రేయ్ అబ్బీ, త్రీఫేజొచ్చింది, పోయి మోటారేసి రాపో" అన్న కేక రాత్రి ఒంటిగంటప్పుడు వినబడని ఊరు అనంతపురం జిల్లాలో ఉండేది కాదు. చేతిలో టార్చి, కాలికింద తడిసిన గట్టు. పాములుంటాయి, తేళ్లుంటాయి. తడి చేత్తో ఎర్తింగు సరిగా లేని డబ్బాను ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. రాత్రి కరెంటుకు పోయిన ప్రాణాల వార్తలు అప్పట్లో జిల్లా పేజీల్లో తరచూ వచ్చేవి. ఈ చావులకు విధిని నిందించడం నాకు ఒప్పదు. ఒక కబురు సమయానికి, సరైన చోటికి చేరక పోయిన ప్రాణాలవి.

రైతులు ఊరుకోలేదు. ఆకుపచ్చ బటన్ నొక్కి పుల్ల దోపారు. తర్వాత అంగట్లోకి ఆటో స్టార్టరు వచ్చింది. కరెంటు రాగానే తనంతట తానే బటన్ నొక్కే చిన్న పరికరమది. ఒక్క రైతుకు అది వరం. కానీ ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి చూడండి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు మోయగలిగేది దాదాపు 35 ఆంపియర్లు. దాని కింద అయిదు హెచ్‌పీ మోటార్లు నాలుగుంటే, విడివిడిగా మొదలైతే ఎలాగో తట్టుకుంటుంది. నాలుగూ ఒకే క్షణంలో లేస్తే 200 ఆంపియర్లు దాటి అడుగుతాయి. వోల్టేజి పడిపోతుంది, ఏ మోటారూ సరిగా లేవదు, ఫ్యూజులు ఎగిరిపోతాయి, చివరికి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. అది బాగయి వచ్చేదాకా నలుగురి పైరూ ఎండుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను బతిమాలుకోవాల్సి వచ్చింది. అక్కడ భయం ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదాని గురించే కాదు. ఆగని కరెంటుకు ఆగని మోటారు తోడైతే భూగర్భజలం ఏమవుతుందన్న భయం.

మనిషిని పూర్తిగా పక్కకు తప్పించడం కంటే మనిషి మాటను డబ్బా దాకా చేర్చడం మేలన్న ఆలోచన పుణెలో వచ్చింది. అక్కడి ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ ఫోనుతో మోటారును నడిపే 'నానో గణేశ్' తయారుచేశాడు. రాత్రిపూట మోటారు కోసం నడిచిన తన తాత కష్టమే అతణ్ని ఈ పనికి పురిగొల్పింది. 2009లో నోకియా నిర్వహించిన పోటీలో దానికి బహుమతి వచ్చింది. తర్వాత ఎన్నో కంపెనీలు ఇలాంటివి తెచ్చాయి, మన పల్లెల్లో 'మొబైల్ స్టార్టరు' మామూలు మాటయింది.

ఇందులో సిమ్ ఉంటుంది. త్రీఫేజ్ వస్తే మూడు ఫేజులూ సరిగా ఉన్నాయో లేదో చూసుకుని ఫోను చేస్తుంది. రైతు ఒకటి నొక్కితే మోటారు లేస్తుంది, మరో అంకె నొక్కితే ఆగుతుంది. ఒకటి నొక్కినప్పుడు అవతలి వైపు వినబడేది ఒక శబ్దం కాదు, రెండు: సెకనుకు 697 కంపనాలది ఒకటి, 1209 కంపనాలది ఒకటి, రెండూ కలిసి. 1963 నవంబరులో అమెరికాలో బెల్ సంస్థ బటన్ల టెలిఫోన్లతో పాటు ఈ జంట స్వరాల పద్ధతిని ప్రవేశపెట్టింది. మాటల్లోగానీ, పక్కన పారే ట్రాఫిక్ రొదలోగానీ సరిగ్గా ఆ రెండు స్వరాలే జంటగా పలకడం అరుదు. కాబట్టి తోటలోని డబ్బా పొరబడకుండా అర్థం చేసుకుంటుంది. సందేహానికి తావులేని కబురు అంటే ఏమిటో నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

దీనివల్ల ఎవరికి మేలు జరిగిందో చూడాలి. మోకాళ్ల నొప్పులతో గట్టెక్కలేని ముసలాయనకు. చీకట్లో తోటకు వెళ్లలేక మరిదినో పక్కింటి కుర్రాణ్నో బతిమాలుకునే ఆడమనిషికి. బెంగుళూరులో పని చేసుకుంటూ ఊళ్లో నాలుగెకరాలు వదులుకోలేని కొడుక్కి. పగటిపూటే తొమ్మిది గంటల కరెంటు అన్న విధానం వచ్చాక రాత్రి నడక కొంత తగ్గింది. అయినా మధ్యలో పోయి మధ్యలో వచ్చే కరెంటుకు ఈ డబ్బా అవసరం తీరలేదు.

నాకున్న దిగులు వేరే. నడక కష్టంగా ఉన్నప్పుడు నీటి విలువ కాళ్లకు తెలిసేది. 600 అడుగుల లోతు నుంచి వెయ్యి లీటర్లు పైకి తేవడానికి లెక్కప్రకారం అర యూనిట్ చాలు. పంపులో, మోటారులో, పైపుల్లో పోయేది కలిపితే ఒక యూనిట్ దాటుతుంది. బిల్లు రాదు, నడవక్కర్లేదు, ఫోనులో ఒక్క అంకె నొక్కితే చాలు. నీళ్లు ఎక్కడిదాకా పడిపోయాయో ఇక గుర్తుచేసేదేది?

గుర్తుచేసే శక్తి ఆ డబ్బాలోనే ఉంది. బోరులో నీళ్లు అయిపోతే పంపు ఎత్తాల్సిన బరువు తగ్గుతుంది, మోటారు తీసుకునే కరెంటు పడిపోతుంది. కొత్త స్టార్టర్లు అది కనిపెట్టి, డ్రై రన్ అని మోటారు ఆపేస్తాయి. అంటే ప్రతి డబ్బా తన బోరులో నీళ్లు ఏ రోజు ఏ గంటకు అయిపోయాయో తెలుసుకుంటోంది. రైతుకు ఒక మెసేజి పంపి ఆ సంగతి అక్కడితో వదిలేస్తోంది.

ఈ లెక్క విలువ మన జిల్లా రైతులకు కొత్త కాదు. 2003 తర్వాత అనంతపురంతో సహా ఏడు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో ఏపీ ఫామ్స్ అనే రైతుల భూగర్భజల పథకం నడిచింది. వందలాది గ్రామాల్లో రైతులే, ఆడా మగా, బోర్లలో నీటిమట్టం కొలిచారు, వానమాపకం చూశారు, ఊరి గోడ మీద రాశారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, ఏ పైరుకెన్ని కావాలి అని బడ్జెట్ వేసుకున్నారు. చాలామంది ఎక్కువ నీళ్లు తాగే వరిని తగ్గించుకున్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు, అంకె కళ్లముందు ఉంది కాబట్టి తగ్గించుకున్నారు.

అప్పుడు తాడు దించి కొలిచిన కొలతలాంటి సూచనను ఇప్పుడు కనగానపల్లి మండలంలో సిమ్ ఉన్న డబ్బాలు తమంతట తామే ఊరికి ఇవ్వగలవు. ఏ బోరు ఏ గంటకు డ్రై రన్‌తో ఆగిందో ఆ మెసేజి రైతుతో పాటు గ్రామ సచివాలయంలోని ఒక నంబరుకూ పోయేలా పెడితే చాలు. అక్టోబరులో విత్తనం కొనేముందే, ఈ ఏడు వేరుశనగకు నీళ్లు చాలతాయా, ఉలవలతో సరిపెట్టుకోవాలా అన్నది ఊరంతా కూర్చుని తేల్చుకోవచ్చు.